ఓబులేసు పేరు ఎవరికి బరువైంది?

అహోబిలం నరసింహస్వామి ఏటా కనుమ నాడు ఊళ్ల మీదికి బయలుదేరతాడు. తన పెళ్లికి రమ్మని తానే పిలుపులు చెప్పుకుంటూ, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా పల్లెలు తిరిగి, దాదాపు నలభై రోజులకు గుడికి చేరతాడు. దీన్ని పార్వేట అంటారు. మిగతా దేవుళ్ల దగ్గరికి భక్తులు పోవాలి. ఈయన చెంచుల అల్లుడు, తానే వచ్చి పలకరించిపోతాడు. అలా వాకిట్లో పల్లకీ దించిన దేవుడి పేరే ఇంట్లో పుట్టిన బిడ్డకు పెట్టుకోవడం తరతరాల అలవాటు. ఓబులేసు, ఓబన్న, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి, నరసింహులు, నరసమ్మ, చెంచయ్య, చెంచులక్ష్మి. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి "ఓబులేసూ" అని కేకేస్తే ఒకప్పుడు నలుగురైనా వెనక్కి తిరిగి చూసేవాళ్లు.

నంద్యాల వైపు వస్తే మహానందయ్యలు, మహానందమ్మలు. బేతంచెర్ల పక్కన రంగాపురం కొండల్లో వెలసిన మద్దిలేటి నరసింహస్వామి పేరున మద్దిలేటి, మద్దిలేటమ్మ. యాగంటి దగ్గర యాగంటయ్య. నందవరం చౌడేశ్వరి పేరున చౌడప్ప, చౌడమ్మ. ఊరి దేవత సుంకులమ్మ పేరున సుంకన్న, సుంకమ్మ. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట ఆవులు కాసిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరున బ్రహ్మయ్య, వీరబ్రహ్మం. శ్రీశైలం మల్లన్న పేరున మల్లికార్జున, అమ్మవారి పేరున భ్రమరాంబ. ఈ పేర్లన్నీ పక్కపక్కన రాస్తే నంద్యాల జిల్లా పటం గీసినట్టే. పేరు వింటే చాలు, మనిషి ఏ కొండ కింద పుట్టాడో, ఏ తిరునాళ్లకు బండి కడతాడో తెలిసిపోయేది.

2022 ఏప్రిల్ 4న నంద్యాల కర్నూలు నుంచి విడిపోయి సొంత జిల్లా అయింది. ఆ జిల్లాలో ఇప్పుడు ఏ ఎల్‌కేజీ గదిలోనైనా హాజరు పిలిస్తే వినిపించే పేర్లు వేరు. విహాన్, రిత్విక్, రియాన్ష్, హన్విక, జస్విత, ఆద్య, కియారా. మద్దిలేటి మనవడు రియాన్ష్. ఓబులమ్మ మనవరాలు హన్విక. "ఏం పేరు నాయనా అది, నోరు తిరగదే" అని జేజి రెండు రోజులు గొణిగి, మూడో రోజు నుంచి "చిన్నోడా" అని పిలుచుకుంటుంది. ఆమె నోటికి అందని పేరు ఆమె మనవడిది.

ఇందులో ఒక తమాషా ఉంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో తయారైన ఒక పత్తి రకానికి శాస్త్రవేత్తలు నరసింహ అని పేరు పెట్టారు. నల్లరేగడిలో ఆ విత్తనం చల్లిన రైతులు నరసింహ బాగా కాసిందని నోరారా చెప్పుకున్నారు. కొడుక్కి పెట్టాలంటే మొరటుగా తోచిన పేరు పత్తికి మాత్రం హుందాగా అమరింది.

ఈ మార్పు ఒక్క రోజులో వచ్చింది కాదు. ఎలా వచ్చిందో చూడాలంటే అందరికీ తెలిసిన రాజకీయ కుటుంబాలను చూస్తే చాలు. ఆళ్లగడ్డ భూమా వారి ఇంట్లో తాత బాలిరెడ్డి, కొడుకు నాగిరెడ్డి, మూడో తరం అఖిలప్రియ, మౌనిక, జగత్ విఖ్యాత్. ఎదుటి పక్షం గంగుల వారి ఇంట్లో తిమ్మారెడ్డి, ఆయన కొడుకులు ప్రతాపరెడ్డి, ప్రభాకరరెడ్డి, ఆ తర్వాతి తరం బ్రిజేంద్రారెడ్డి. తరాల తరబడి ఎన్నికల్లో తలపడిన ఈ రెండు ఇళ్లూ పేర్ల దగ్గర మాత్రం ఒకే దారి పట్టాయి: మొదట ఊరి దేవుడు, తర్వాత పుస్తకాల సంస్కృతం, ఆ తర్వాత ఉత్తరాది ఛాయ. బైరెడ్డి వారి ఇంట్లోనూ తరానికో తీరు. శేషశయనారెడ్డి, రాజశేఖరరెడ్డి, 2024లో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచిన శబరి. ఇంతా చేసి బ్రిజేంద్రారెడ్డిని నియోజకవర్గంలో జనం పిలిచేది నాని అనే. ఎంత బరువైన పేరు పెట్టినా రాయలసీమ నాలుక దాన్ని రెండు అక్షరాలకు దించేస్తుంది.

పేరు ఎంచే పని ఒకప్పుడు తల్లిదండ్రులది కానే కాదు. పెద్దకొడుక్కి తాత పేరు, పెద్దకూతురికి జేజి పేరు. మొక్కుకుని కంటే ఆ దేవుడి పేరు. చర్చ లేదు, పోటీ లేదు. చిక్కల్లా కోడలికే. మామ పేరు నోటితో పలకకూడదు కాబట్టి, ఆ పేరే పెట్టిన కన్నకొడుకును కూడా ఆమె పేరు పెట్టి పిలవలేదు. పెద్దోడు, అబ్బోడు, చిన్నయ్య లాంటి పిలుపుపేర్లు సగం ఆ సంకటంలోంచి పుట్టినవే. కోడలికి మామ పేరు బరువు దిగాక, ఆ పేరు ఇంట్లోంచే దిగిపోయింది. ఆడవాళ్లకు పేరు ఎంచే మాట దక్కింది ఈ కాలంలోనే. పాత పద్ధతి పోయిందని వాపోయేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు తొట్టెల్లో వేసే నాటికి ఇంట్లో ఒక చిన్న సభే జరుగుతుంది. అయ్యవారు నక్షత్రం చూసి అక్షరాలు చెబుతారు. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఇంతవరకు బాగానే ఉంది. ఆర్ద్రలో పుట్టిన బిడ్డకు వచ్చేవి కూ, ఘ, ఙ, ఛ. హస్తకు పూ, ష, ణ, ఠ. వియత్నాంలో పుట్టి ఉంటే ఙతో మొదలయ్యే పేర్లకు కొదవ లేదు. ఆళ్లగడ్డలో మాత్రం అయ్యవారు ఘ దగ్గర ఆగి ఘనశ్యామ్‌తో సర్దిచెప్పాలి. నిజానికి నక్షత్రం పేరు వెనకటికి పూజకు, సంకల్పానికి మాత్రమే. పిలిచే పేరు వేరే ఉండేది. ఆ రెండింటినీ ఒకటి చేసి, అక్షరం తప్పితే అరిష్టమని భయపడటం ఇటీవలి అలవాటు. దాని మీద సంఖ్యాశాస్త్రం ఒకటి. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ఏ పక్కన ఇంకో ఏ, టీ పక్కన హెచ్, ఐ ఉండాల్సిన చోట వై. ఆ పేరు మోసే పిల్లకు జీవితాంతం మిగిలే పని, ప్రతి కౌంటర్ దగ్గరా స్పెల్లింగు చెప్పడం.

అక్షరం ఖాయమయ్యాక ఫోను తీస్తారు. వెతికేది రెండే: ఎవరూ పెట్టనిది కావాలి, వినడానికి స్టైలుగా ఉండాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి పడవు. ఎవరూ పెట్టనిది వెతికే అందరూ ఒకే చోట వెతుకుతారు కాబట్టి ఒకే తరగతిలో హన్విక, తన్విక, ధన్విక పక్కపక్కన కూర్చుంటారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ లీబర్సన్ పేర్ల మీద 2000లో ఒక పుస్తకమే రాశారు. పేర్ల ఫ్యాషన్ చాలావరకు అర్థాన్ని బట్టి కాక ధ్వనిని బట్టి, ఒక ధ్వని నుంచి దాని పక్క ధ్వనికి జరుగుతూ పోతుందని ఆయన చూపించారు. నంద్యాలలో ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. సురేష్, రమేష్, రాజేష్‌ల కాలంలో ఎవరూ ఈశ్వరుణ్ణి తలచుకుని ఆ పేర్లు పెట్టలేదు, చివర ఆ షకారం పట్నపు వాసన వేసింది. సునీత, అనిత, కవితల తకారమూ అంతే. తర్వాత కొన్నాళ్లు ప్రతి పేరు ముందూ సాయి వచ్చి చేరాడు. ఇప్పుడు విక్, విత్, ఆన్ష్.

సినిమా సంగతి చెప్పనక్కర్లేదు గానీ, కియారా వచ్చిన దారి మాత్రం చెప్పుకోదగ్గది. 2010 నాటి హిందీ చిత్రం 'అంజానా అంజానీ'లో ప్రియాంక చోప్రా పాత్ర పేరు కియారా. ఆ పేరు నచ్చి ఆలియా ఆడ్వాణీ అనే అమ్మాయి తెర మీదికి కియారా ఆడ్వాణీగా వచ్చింది. 2018లో 'భరత్ అనే నేను'తో ఆమె తెలుగు ప్రేక్షకులకు పరిచయమైంది. అక్కడి నుంచి నంద్యాల ఊయలలోకి ఎంతసేపు?

పేరును చూసి నవ్వడం కూడా ఒక రకం అంతస్తు చూపించుకోవడమే. జర్మనీలో 'హోమ్ ఎలోన్' సినిమా వచ్చాక 1991లో మగపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు కెవిన్. ఆ పేరు కూలి పని చేసుకునే కుటుంబాల్లోకి బాగా పాకేసరికి చదువుకున్న వర్గం దాన్ని ఎగతాళి చేయడం మొదలుపెట్టింది. 2009లో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన కోసం ప్రాథమిక పాఠశాలల టీచర్లను అడిగితే, కెవిన్ అన్న పేరు వింటేనే అల్లరి పిల్లవాడు, చదువు రానివాడు అనిపిస్తుందని చాలామంది ఒప్పుకున్నారు. అది పేరు కాదు, జబ్బుకు పెట్టే పేరు అన్న ఒక టీచరు జవాబు దేశమంతా పాకింది. పిల్లవాడు బడి గడప తొక్కకముందే టీచరు మనసులో మార్కులు పడిపోయాయి.

మన దగ్గర ఆ నవ్వు మూడు అంతస్తుల్లో ఉంది. కింది మెట్టు మీద సుంకన్న పేరును చూసి పట్నం నవ్వుతుంది. నడిమి మెట్టు మీద, ఆ నవ్వుకు జడిసి రియాన్ష్ అని పెట్టుకున్న కుటుంబాన్ని చూసి, అర్థం పర్థం లేని పేరని కాస్త ఎక్కువ చదువుకున్నవాళ్లు నవ్వుతారు. పై మెట్టు మీద ఉన్నవాళ్లు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో కూర్చుని, మేం మూలాల్లోకి వెళ్లామంటూ రుద్ర, వేద, మీనాక్షి, వాసుకి అని పెడతారు. 2023 జూన్‌లో రామ్‌చరణ్, ఉపాసనల కూతురికి క్లీంకార అని పేరు పెట్టి, లలితా సహస్రనామం నుంచి తీసుకున్నామని చిరంజీవి ప్రకటించినప్పుడు పేరు కొత్తగా ఉందని ఆశ్చర్యపోయినవాళ్లే ఎక్కువ, మొరటుగా ఉందన్నవాళ్లు లేరు. సంస్కృతం ఎంత పాతదైతే అంత గౌరవం. పాతదనం కావాలి, పల్లెతనం అక్కర్లేదు. మూలాల్లోకి వెళ్లినవాళ్లెవరూ సుంకులమ్మ దాకా పోలేదు.

అంటే సిగ్గు పాతదనాన్ని చూసి కాదు. ఆ పేరు మోసిన మనుషులను చూసి.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఈస్టిండియా కంపెనీ 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీసింది. ఆయన పక్కన నిలబడి పోరాడినవాడు వడ్డె ఓబన్న. ఒకరు పాలెగాడు, ఇంకొకరు రాళ్లు కొట్టి బతికే వడ్డెర కులంలో పుట్టినవాడు. ఇద్దరి పేర్లూ నల్లమల అంచున ఉన్న ఆ ఒక్క దేవుడివే. దొర ఇంట్లో ఆ పేరు నిండుగా నరసింహారెడ్డి అయింది, వడ్డెరల ఇంట్లో ఓబన్న అయింది. ఓబన్న అయినా నయమే. అన్న అనిపించుకోని ఓబిగాళ్లు, నరిసిగాళ్లు ఊరికి పదిమంది. ఒకే దేవుడి పేరు మోసినా, రెడ్డి గారింట్లో ఉన్నవాడు నాగిరెడ్డి, మాలపల్లెలో ఉన్నవాడు నాగిగాడు. ముసలివాడైనా గాడే. పెద్దకులం పిల్లవాడు కూడా తాత వయసువాణ్ణి గాడు అని పిలిచిన ఊళ్లు ఇవి.

ఇది ఎవరో నోటి దురుసుతో చేసింది కాదు, రాసిపెట్టిన పద్ధతి. మనుస్మృతి రెండో అధ్యాయం ఎవరి పేరు ఎలా ఉండాలో విడమరిచి చెప్పింది. బ్రాహ్మణుడి పేరు శుభంగా, క్షత్రియుడి పేరు బలంగా, వైశ్యుడి పేరు ధనంతో ముడిపడి, శూద్రుడి పేరు ఏవగింపు పుట్టేలా ఉండాలంది. పేర్ల మీద చిన్నచూపు ఫోన్లు వచ్చాక పుట్టింది కాదు.

కాబట్టి ఆ పేరును వదిలించుకోవాలన్న తపన కూడా ఈనాటిది కాదు. 19వ శతాబ్దంలో ఆంగ్లికన్ మిషనరీలు ఇప్పటి చాగలమర్రి మండలంలోని ముత్యాలపాడులో, ఆ తర్వాత నంద్యాలలో మిషన్ పెట్టుకున్నారు. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాలకు దేవుడితో పాటు పేర్లూ వచ్చాయి: దేవదానం, ప్రభుదాసు, ఆశీర్వాదం, దానియేలు, సువార్తమ్మ, కరుణమ్మ. ఆశీర్వాదాన్ని గాడు చేయడం నోటికి అంత సులువు కాదు. నూరేళ్ల నాడు మిషన్ బడి చేసిన పనినే ఇవాళ ఫోనులోని పేర్ల జాబితా చేస్తోంది. ఆ తర్వాత కథలో ఇంకో మలుపు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. దాంతో ఎన్నో ఇళ్లలో బిడ్డకు చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. ఆ రెండు పేర్ల ఇబ్బంది పడనివాళ్లు వాళ్ల అభిరుచి గురించి తీర్పు చెప్పకపోవడమే మర్యాద.

పేరు మారితే ఫలితం ఉంటుందా? ఉంటుందనే లెక్కలు చెబుతున్నాయి. సుఖదేవ్ థొరాట్, పాల్ అటివెల్ అనే పరిశోధకులు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు ఉద్యోగ దరఖాస్తులు పంపారు. ఫలితాలు 2007లో ప్రచురించారు. పెద్దకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకైతే మూడో వంతు. దరఖాస్తులో చదువు ఒకటే, మార్కులు ఒకటే. ఇది తెలిసిన తండ్రి తన బిడ్డకు ఊరూ కులమూ పసిగట్టలేని పేరు వెతికితే దాన్ని ఫ్యాషన్ పిచ్చి అనడం అన్యాయం. ఆ పేరుకు నిఘంటువులో అర్థం లేకపోయినా, ఎవరూ దాని చివర గాడు తగిలించలేరు. అంతకంటే అర్థం ఏం కావాలి?

ఇక రెండో వైపు చూడాలి. ఏ గాడూ తగలని ఇళ్లలో, భూములూ చదువులూ పరపతీ ఉన్న ఇళ్లలో ఓబుల్‌రెడ్డి ఎందుకు పోయాడు? అక్కడ పోయింది ఓబుల్ మాత్రమే. రెడ్డి పోలేదు. విహాన్ రెడ్డి అయ్యాడు. ఆడపిల్లల పేర్లలో ఈ మార్పు ఇంకా స్పష్టం. జేజి వట్టి ఓబులమ్మ, ఆమె పేరు చివర కులం లేదు. మనవరాలు ఆద్యారెడ్డి. ఊరి దేవుణ్ణి మొరటని తీసేసినవాళ్లకు కులం తోక మాత్రం నాజూకుగా తోచింది. చౌదరులు, శర్మలు, గుప్తాలు, నాయుళ్లు అందరిదీ ఇదే వరస. దీనికి సూటిగా ఎదురు చెప్పినవాళ్లు మాదిగ దండోరా వాళ్లు. 1994లో మొదలైన ఆ ఉద్యమంలో మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని రాసుకున్నారు, వేలాదిమంది ఆయన వెంట రాసుకున్నారు. తిట్టుగా వాడిన మాటను తలెత్తి పేరులో చేర్చుకోవడానికి, అప్పటికే గౌరవమిచ్చే మాటను ఇంకాస్త పెద్దగా రాసుకోవడానికి పోలికే లేదు.

నరసింహ అన్న పేరు పెద్ద పదవికి అడ్డం కాదని నంద్యాలకు వేరే చెప్పాలా? గంగుల ప్రతాపరెడ్డి ఖాళీ చేసిన స్థానంలో 1991 నవంబరులో పాములపర్తి వేంకట నరసింహారావును 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో ఢిల్లీకి పంపిందే ఈ ఊరు. ఆయన ఇంటిపేరు, మొదటి పేరు రెండూ పొడి అక్షరాలై దేశమంతటా పీవీ అయిపోయినా, అహోబిలం దేవుడి పేరు మాత్రం నిండుగా అయిదేళ్లు ప్రధాని కార్యాలయం బల్ల మీద ఉంది.

పోయిన పేర్లన్నిటికీ ఒకే రకంగా ఏడవనక్కర్లేదు. పుల్లయ్య, పెంటయ్య, కుప్పమ్మ లాంటివి భయంలోంచి పుట్టిన పేర్లు. ముందు పుట్టిన పిల్లలు వరసగా చనిపోతే, తర్వాతి బిడ్డను ఎంగిలి విస్తరాకుల మీదో చెత్తకుప్ప మీదో దొర్లించి, మృత్యువు కన్ను పడకుండా ఆ చెత్త పేరే పెట్టేవాళ్లు. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. పెంటయ్య పేరును పట్నపు నాజూకు చంపలేదు, టీకా మందు, ఆసుపత్రి కాన్పు చంపాయి. మంచిదే అయింది. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో ఆడపిల్ల వద్దనుకుని నకుషా అని పేరు పెట్టిన 280 మందికి పైగా అమ్మాయిలకు 2011లో అధికారులే సభ పెట్టి కొత్త పేర్లు ఇచ్చారు. కొన్ని పేర్లు మారాల్సిందే.

బాధపడాల్సిన నష్టం ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ సీమలో పీర్ల పండగకు గుండం తొక్కేది, పీరును ఎత్తేది, మొక్కు తీర్చుకునేది అన్ని కులాలవాళ్లూ. సంతానం కోసం పీరుకు మొక్కుకున్న హిందూ ఇళ్లలో పుట్టినవాళ్లే హుసేనప్పలు, పీరయ్యలు, ఫకీరప్పలు, దస్తగిరమ్మలు, మస్తానమ్మలు. నుదుట నామం, పేరు హుసేనప్ప. అది ఎవరికీ వింత కాదు. వీరబ్రహ్మంగారి ముఖ్య శిష్యుడే దూదేకుల సిద్దయ్య. ఇప్పుడు ఆ నడిమి చోటు మాయమైంది. ఇటువైపు పిల్లలకు ఆన్ష్, అటువైపు పిల్లలకు అయాన్, రెహాన్, జోయా. చెవికి రెండు వైపులా ఒకే రకం ధ్వనులే, ఒకే ఫ్యాషనే. మొక్కు మాత్రం ఒకరిది ఇంకొకరికి లేదు. సుంకన్న పేరు పోవడం వెనక సిగ్గు ఉంది. హుసేనప్ప పేరు పోవడం వెనక అనుమానం ఉంది. రెండోది ఎక్కువ చేటు.

పాత పేరు పట్టుకుని వేలాడమని ఈ ఊరికి ఎవరూ సుద్దులు చెప్పలేరు కూడా. నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ఈ ప్రాంతాన్ని తెల్లవాళ్లు సీడెడ్ జిల్లాలన్నారు, మనవాళ్లు దత్తమండలాలన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని అర్థం వచ్చే ఆ పేరు అవమానమని, 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించారు. సభ ఒప్పుకుంది, జనం ఒప్పుకున్నారు. ఆ కొత్త పేరుకు ఆయన వెతుక్కున్న ఆధారం మాత్రం ఈ నేల చరిత్రలోనిదే.

పేరు పెట్టుకోబోయే తల్లిదండ్రులకు చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి అభిరుచికి సంబంధించినవి కావు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరికకైనా, పాస్‌పోర్టుకైనా, ఓటుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. అందులో పడిన స్పెల్లింగే పదో తరగతి మెమోకు, ఆధార్‌కు, వీసాకు వెంట పోతుంది. ఇంటిపేరును వట్టి పొడి అక్షరంగా వదిలేసి, పాస్‌పోర్టులో ఒక్క గడే నింపుకుని అమెరికా వెళ్లిన ఎందరో తెలుగు పిల్లల వీసా మీద అసలు పేరు ఉండాల్సిన చోట 'పేరు తెలియదు' అన్న అర్థం వచ్చే మూడు ఇంగ్లిష్ అక్షరాలు పడుతున్నాయి. జాతకం, సంఖ్యాశాస్త్రం అన్నీ చూసి పెట్టిన పేరుకు అక్కడ దక్కిన గౌరవం అది. కాబట్టి ఇంటిపేరు పూర్తిగా రాయించాలి. పలికినట్టే రాయించాలి, అదృష్టం కోసం అక్షరాలు అతికించవద్దు. రాయించే ముందు ఇంట్లో అందరికంటే పెద్దావిడ చేత ఒకసారి పిలిపించి చూడాలి.

బడి పంతుళ్లకు కూడా ఒక మాట. రియాన్ష్ అన్నా సుంకన్న అన్నా హాజరులో ఒకే గొంతుతో పిలవాలి. ఒక పేరు దగ్గర ముద్దు, ఇంకో పేరు దగ్గర నవ్వు వినిపిస్తే, పిల్లలు పాఠం కంటే ముందు అదే నేర్చుకుంటారు.

భూమి, చదువు, గౌరవం మూడూ ఉన్న ఇళ్లకు మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. మీ పిల్లవాడి పేరు ఓబులేసు అయినంత మాత్రాన వాడికి సీటు రాకుండా పోదు, ఉద్యోగం ఆగదు, పెళ్లి తప్పిపోదు. ఊరి పేర్లకు మళ్లీ మర్యాద రావాలంటే ముందు మోయాల్సింది మీరే, ఎందుకంటే మోసినా మీకు నష్టం లేదు. ముందు ఆ కులం తోక తీసేసి, ఆ చోటు తాతకో జేజికో ఇచ్చి చూడండి. తొందరేమీ లేదు. చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, ఆ నమోదులో బిడ్డ పేరు చేర్చడానికి ఏడాది దాకా ఎలాంటి రుసుమూ లేదు.